మీటర్ నిద్రపోతే సరే, ఏ మోడ్‌లో లేస్తోంది?

ప్రశ్న: ఇన్వర్టర్ బ్యాటరీ (150 ఏహెచ్, అంటే ఆంపియర్ గంటలు) బ్యాకప్ ఎంతసేపు ఇస్తుందో చూద్దామని లోడ్ పెట్టి మల్టీమీటర్ తగిలించాను. పావుగంటకోసారి మీటర్ దానంతటదే ఆఫ్ అయిపోతోంది. ఆటో ఆఫ్ లేని మీటర్ ఏదైనా చెప్పండి. (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. మొబైల్ రిపేర్ షాపువాళ్లు, మోటారు మెకానిక్‌లు, పాలిటెక్నిక్ పిల్లలు, అందరిదీ ఒకటే గోల: సరిగ్గా రీడింగ్ చూడాల్సిన టైముకి స్క్రీన్ ఖాళీ. ముందు మీ పని సంగతి చూద్దాం. చాలా ఆటో రేంజ్ మీటర్లలో (ఎన్ని వోల్టుల వరకు కొలవాలో అవే చూసుకునేవి) సెలెక్ట్ బటన్‌నో, ఇంకో బటన్‌నో నొక్కి పట్టుకుని నాబ్‌ని ఆఫ్ నుంచి తిప్పితే ఆ పూటకి ఆటో ఆఫ్ రద్దవుతుంది. స్క్రీన్ మూలన ఏపీఓ (ఆటో పవర్ ఆఫ్) అన్న అక్షరాలో గడియారం బొమ్మో ఉండి, అది మాయమైతే పని అయినట్టే. ఏ బటన్ అన్నది మాన్యువల్‌లో ఉంటుంది, అదే, మీరు విప్పకుండా డబ్బాలోనే వదిలేసిన ఆ కాగితంలో. మినిమమ్-మాక్సిమమ్ రికార్డింగ్ ఆన్ చేసినా చాలా మీటర్లు నిద్రపోవు, వోల్టేజి ఎంత కిందికి దిగిందో కూడా అదే గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి మీరు పక్కనే కాపలా కూర్చోనక్కర్లేదు. ఒక్కసారి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేశారంటే మాత్రం రద్దు కాస్తా రద్దయిపోతుంది, మళ్లీ మొదటి నుంచి ఆ బటన్ నొక్కుడే. (అన్నట్టు, ఆ 150 అన్న అంకె మామూలుగా 20 గంటల లెక్క, అంటే 7.5 ఆంపియర్ల చొప్పున వాడితే వచ్చేది. మీరు అంతకు నాలుగింతలు లోడ్ పెట్టి బ్యాటరీవాడు మోసం చేశాడని రాయకండి.)

ఇక నా గొడవ. మీటర్ తయారుచేసేవాళ్లు టైమర్‌ని దేనికి కట్టారయ్యా అంటే మన వేలికి. బటన్ నొక్కితే, నాబ్ తిప్పితే మనిషి ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కళ్లెదుట రీడింగ్ 12.4 నుంచి 12.1కి దిగుతోంది, ఆ అంకె మారుతోందని లెక్కగట్టేది అదే చిప్, అయినా అది పడుకుంటుంది. రీడింగ్ మారుతున్నంతసేపు మెలకువగా ఉండే మీటర్లు కూడా ఉన్నాయి, కాకపోతే ఖరీదైనవి. మిగతావాటికి చేతకాక కాదు, ఎవరికీ పట్టలేదు అంతే. పోనీ ఇదంతా బ్యాటరీ కోసమా అంటే, రెండు పెన్సిల్ సెల్లతో నడిచే మీటర్ రెండు మిల్లీ ఆంపియర్లు లాగుతుందనుకుందాం, ఆల్కలైన్ సెల్ 2000 మిల్లీ ఆంపియర్ గంటలు ఇచ్చినా వెయ్యి గంటలు, అంటే రాత్రీపగలూ ఆన్‌లో పెట్టినా నెల పైనే. బ్యాక్‌లైట్ వెలిగిస్తే లెక్క వేరు, దాన్ని ఆర్పండి, ఎవరూ కాదనరు. పావుగంటకే పడుకోకుండా గంట వరకు ఆగడానికి మీటర్‌కి ఏమొచ్చింది?

ఇంతవరకూ ఉన్నది చిరాకు మాత్రమే, నాకు నిజంగా భయమేసేది మీటర్ మళ్లీ లేచినప్పుడు జరిగేది. ఇప్పుడొచ్చే మీటర్లలో చాలావాటికి నాబ్ మీద వోల్టులకి ఒకటే స్థానం, ఏసీనా డీసీనా అన్నది సెలెక్ట్ బటన్‌తో మార్చుకోవాలి. మీరు ఏసీ పెట్టుకుని స్టార్టర్ బోర్డు దగ్గర ఫేజ్‌లు చూస్తున్నారు, మధ్యలో ఎవరో పిలిచారు, వెళ్లొచ్చేసరికి మీటర్ ఆరిపోయింది. ఏదో బటన్ నొక్కారు, లేచింది. కొన్ని మీటర్లు అలా లేచేటప్పుడు మీరు పెట్టిన ఏసీని మర్చిపోయి డీసీలోకి వెళ్లిపోతాయి. ఇప్పుడు 230 వోల్టుల ఏసీ మీద ప్రోబ్‌లు పెడితే స్క్రీన్ మీద సున్నాకి అటూ ఇటూ ఏదో కనిపిస్తుంది. నాబ్ వోల్టుల దగ్గరే ఉంది, ప్రోబ్‌లు సరైన చోటే ఉన్నాయి, రీడింగ్ సున్నా, కరెంటు లేదనుకుని చెయ్యి పెడతారు. మీరు మోసపోకుండా ఆపేది స్క్రీన్ మూలన చీమంత డీసీ అన్న అక్షరాలు మాత్రమే, మోటారు షెడ్డు చీకట్లో అవి ఎవరికి కనిపిస్తాయి? ఇది వాడేవాళ్ల అజాగ్రత్త అంటే నేను ఒప్పుకోను.

ఆంపియర్లు కొలిచేటప్పుడు ఇంకో తలనొప్పి. మీటర్ నిద్రపోయినా 10 ఆంపియర్ల సాకెట్ దారి తెరుచుకునే ఉంటుంది, లోపలి షంట్ (కరెంటు కొలవడానికి పెట్టిన లావుపాటి తీగ లాంటిది) గుండా కరెంటు పోతూనే ఉంటుంది. స్క్రీన్ ఖాళీగా ఉందని పక్కన పెట్టేసి, ఎర్ర లీడ్ ఆ సాకెట్‌లోనే ఉందన్న సంగతి మర్చిపోయి, తర్వాత వోల్టులు చూద్దామని గోడ ప్లగ్గులో పెడితే నేరుగా షార్ట్. లీడ్ తప్పు చోట ఉందని బీప్ కొట్టే మీటర్లున్నాయి, కానీ నిద్రలో ఉన్నది ఏం కొడుతుంది?

అందుకే, లైన్ ఆఫ్ చేశాక ముట్టుకునే ముందు మూడుసార్లు చూడాలి. కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో ఒకసారి, పని చెయ్యాల్సిన చోట ఒకసారి, మళ్లీ ఆ తెలిసిన ప్లగ్గులో ఒకసారి. మీటర్ మధ్యలో నిద్రపోయినా, డీసీలోకి జారిపోయినా, సెల్లు అయిపోయినా మూడోసారి బయటపడుతుంది. పాతకాలం కరెంటు మేస్త్రీలకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, వీడియోలు చూసి మీటర్ కొన్నవాళ్లకే చెప్పాల్సి వస్తోంది.

విచిత్రం ఏంటంటే, కోఠి గుజరాతీ గల్లీలో గుట్టలుగా పోసి అమ్మే ఆ పసుపు రంగు చవక మీటర్‌కి ఈ జబ్బు లేదు. 7106 తరహా చిప్, 9 వోల్టుల బ్యాటరీ, ఏసీకి వేరే స్థానం, డీసీకి వేరే స్థానం, ఆటో ఆఫ్ అన్న మాటే లేదు. నాబ్ ఎక్కడ ఉంటే మీటర్ అక్కడే. అలాగని అది కొనమనడం లేదు, దాని 10 ఆంపియర్ల సాకెట్ పక్కన ఫ్యూజ్ లేదని వాళ్లే అచ్చేసి మరీ ఇస్తారు, ఆ సన్న లీడ్‌లతో ఇంటి మెయిన్ దగ్గరికి వెళ్లొద్దు. నాబ్ మీద ఏసీ, డీసీ విడివిడిగా ఉండి, ఫ్యూజ్‌లు సరైనవి పెట్టిన మీటర్ వెతకండి. అది దొరక్కపోతే షాపులోనే ఆన్ చేసి, ఏసీ పెట్టి, నిద్రపోయేదాకా ఆగి, లేపి ఏ మోడ్‌లో లేచిందో చూసి కొనండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

వంటింటి డిజిటల్ కాటా కూడా ఇంతే, గిన్నె బరువు సున్నా చేసి పిండి వెతుక్కుంటుంటే ఆరిపోతుంది, లేపితే గిన్నె బరువుతో సహా మొదలు. అక్కడ పోయేది కాస్త పిండి కాబట్టి తిట్టుకుని వదిలేస్తాం. ఆరిపోయిన మీటర్ మాత్రం పూర్తిగా ఆఫ్ అయినట్టు కాదని గుర్తుంచుకోండి, నిద్రలోనూ కొంచెం లాగుతూనే ఉంటుంది. నాబ్ తిప్పకుండా నెలల తరబడి సంచిలో పడేస్తే సెల్లు కారి లోపలి స్ప్రింగులు పచ్చబడతాయి.

ప్రశ్న: బ్లూటూత్ మీటర్ అయితే రీడింగులు ఫోన్‌లోకే వస్తాయి కదా, ఈ బాధ ఉండదా? (విజయనగరం నుంచి)

ఉండొచ్చు, పైగా రెండింతలు. మీటర్ మెలకువగా ఉన్నా ఫోన్‌లోని బ్యాటరీ సేవర్ ఆ మీటర్ యాప్‌ని వెనకాల చంపేస్తుంది, కాబట్టి ఆ యాప్‌కి మినహాయింపు ఇవ్వండి. డబ్బాలో కాగితం మీద క్యూఆర్ కోడ్ ఉండి, అది ఏదో ముక్కూమొహం తెలియని సైటు నుంచి ఏపీకే (యాప్ ఫైలు) దింపుకోమంటే దింపకండి, ప్లే స్టోర్‌లో లేకపోతే ఆ మీటరే వద్దు. ఆండ్రాయిడ్ 11, అంతకు ముందు ఫోన్లలో బ్లూటూత్ వెతకడానికి లొకేషన్ అడగడం మామూలే, 12 నుంచి దగ్గర్లోని పరికరాల అనుమతి విడిగా ఉంది, అది చాలు. కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు అడిగిందంటే తీసిపారేసి, పుస్తకం పెన్ను పెట్టుకుని రాసుకోండి.