సమాచార అక్షరాస్యత విధానాలు: సెమినారుకు మూడు దేశాలు చాలు

కడప నుంచి అడిగిన మిత్రులకు: లైబ్రరీ సైన్స్ సెమినారుకు ఐదు దేశాల సమాచార అక్షరాస్యత (కావలసిన సమాచారం వెతికి, నిజమో కాదో తేల్చుకుని వాడుకునే నేర్పు) విధానాలు పోల్చాలి, భారతదేశానిది మాత్రం ఎంత వెతికినా దొరకడం లేదన్నారు కదా. ఆ పేరుతో ఒకే పత్రం కోసం వెతకడం మానేయండి. మన దగ్గర అది ముక్కలుగా ఉంది. 2017లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ లక్ష్యం ఆరు కోట్ల మంది గ్రామీణులు. 2024లో ముగిసిన ఆ పథకం ప్రధానంగా ఫోను, ఇంటర్నెట్ వాడటమే నేర్పింది. వచ్చిన సమాచారం నిజమో కాదో తేల్చుకోవడం వేరే విద్య. దానికి 2018లో కేరళలోని కన్నూరు జిల్లా బడుల్లో మొదలుపెట్టిన ‘సత్యమేవ జయతే’ పాఠాలు చూడండి.

ఐదు దేశాలంటే చివరకు పట్టిక మిగులుతుంది, విశ్లేషణ మిగలదు. ఫిన్లాండ్, అమెరికా, భారత్ తీసుకుని దీన్ని నేర్పే బాధ్యత ఎవరిదన్న ఒక్క ప్రశ్న వేయండి. ఫిన్లాండ్‌లో 2016 నుంచి అమలైన పాఠ్యప్రణాళిక బహుళ అక్షరాస్యతను (రాత, బొమ్మ, అంకె, వీడియో ఏ రూపంలో ఉన్నా సమాచారాన్ని అర్థం చేసుకునే నేర్పును) అన్ని సబ్జెక్టుల్లో కలిపింది. లెక్కల టీచరూ తప్పించుకోలేరు! అమెరికాలో 1989 నాటి అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ కమిటీ నివేదికతో సమాచార అక్షరాస్యతను ముందుకు తెచ్చింది లైబ్రేరియన్లు.

ఉదాహరణ మన జిల్లాల నుంచే ఇవ్వండి. అనంతపురం వేరుశనగ రైతుకు ‘పంట నష్టం డబ్బు పడుతోంది, లింకు నొక్కండి’ అని వాట్సాప్‌లో వస్తుంది. జీవో నంబరు, తేదీ ఉన్నాయా? చిరునామా ప్రభుత్వ వెబ్‌సైటుదేనా? ఇది ఆయనకు ఎవరు నేర్పాలో మూడు దేశాల కోణంలో రాయండి.

గైడు ఐదే కావాలని పట్టుబడితే సమాచార అక్షరాస్యతపై వచ్చిన అంతర్జాతీయ ప్రకటనలు, 2003 ప్రాగ్, 2005 అలెగ్జాండ్రియా, చూపించి బేరమాడండి.