కాటలినా 30 తీసుకోవాలా, జే-30 తీసుకోవాలా?

చిరంజీవి కిరణ్‌కి ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు తెరచాప పడవల వివరాలూ చూశాను. ఒకటి 1984 కాటలినా 30, ఇంకోటి 1982 జే-30. శాన్‌ఫ్రాన్సిస్కో బేలో పడవ మీదే కాపురం ఉండాలి, సెలవులొస్తే తీరం వెంట తిరగాలి, వేసవి సాయంత్రాలు రేసుల్లో దిగాలి, ఇవన్నీ ఒక్క పడవతోనే కావాలంటున్నావు. నా మాట ముందే చెప్తాను. కాపురం నిజంగా పెట్టేట్టయితే కాటలినా తీసుకో. రేసు సరదా వేరేవాళ్ల పడవల్లో తీర్చుకోవచ్చు, అక్కడి క్లబ్బుల సాయంత్రపు రేసుల్లో పడవ నడిపే మనుషులు ఎప్పుడూ తక్కువే.

రెండూ ముప్పై అడుగులే అని మోసపోకు. కాటలినా బరువు 10,200 పౌండ్లు, అందులో 4,200 పౌండ్లు పడవ ఒరిగిపోకుండా కింద కీల్‌లో ఉండే బరువు. జే-30 సుమారు 7,000, అందులో కీల్ బరువు 2,100. బట్టలు, పుస్తకాలు, బియ్యం, గ్రైండర్, అదనపు బ్యాటరీ, నీళ్లు అన్నీ కలిపితే వెయ్యి పౌండ్లు తేలిగ్గా దాటుతుంది. అంత ఎక్కిస్తే జే-30 అంగుళానికి పైగా నీళ్లలోకి దిగుతుంది, దాని చురుకంతా పోతుంది. రేసులో దానికిచ్చే రేటింగ్ మాత్రం మారదు. వేర్వేరు రకాల పడవలు కలిసి పోటీ పడేందుకు మైలుకి ఇన్ని సెకన్లని లెక్క సరిచేసే పీహెచ్‌ఆర్‌ఎఫ్ పద్ధతిలో జే-30కి సుమారు 140, కాటలినాకి 180 చుట్టూ ఇస్తారు, అంటే జే-30 మైలుకి నలభై సెకన్లు కాటలినాకి వదలాలి. నీ గ్రైండర్ బరువుకి ఎవరూ సెకన్లు వెనక్కివ్వరు.

కాటలినాలో ముందు చూడాల్సింది మాస్ట్ (తెరచాప కట్టే నిలువు గడ) కింద. మాస్ట్ డెక్ మీద నిలబడుతుంది, ఆ బరువుని లోపలున్న నిలువు స్తంభం కీల్ దాకా దించుతుంది. ఆ తరం పడవల్లో స్తంభం అడుగున చెక్క దిమ్మ ఉంటుంది. పడవ అడుగున చేరే బిల్జ్ నీళ్లు తగిలి అది కుళ్లితే స్తంభం కిందికి జారుతుంది. పట్టుకోవడం తేలికే. బాత్‌రూమ్ తలుపు వేసి తీసి చూడు. పైన చట్రానికి రాసుకుంటుంటే అనుమానించు. తర్వాత డెక్ మీద మాస్ట్ చుట్టూ స్కేలు పెట్టి చూడు, పళ్లెంలా గుంట పడిందా అని. మాస్ట్‌ని పక్కల నుంచి పట్టి ఉంచే షరౌడ్ తీగలు ఎన్నిసార్లు బిగించినా వదులవుతున్నాయని యజమాని నోరు జారితే కూడా కారణం ఇదే కావచ్చు.

రెండోది కీల్ అతుకు. నీళ్లలోంచి పైకెత్తాక కీల్ ముందంచు దగ్గర, హల్‌తో (పడవ దేహంతో) కలిసేచోట నవ్వు ఆకారంలో పగులు కనబడుతుంది. వెంట్రుకంత సన్నగా, పొడిగా ఉంటే భయం లేదు. గీకి, ఎపాక్సీ నింపి, బోల్టులు లెక్క ప్రకారం బిగిస్తే సరిపోతుంది. మర్నాటికి కూడా అందులోంచి తుప్పు నీళ్లు కారుతుంటే మాత్రం నీరు బోల్టుల దాకా వెళ్లినట్టే. ఆ ఏళ్లలో కీల్ పైభాగంలో ప్లైవుడ్ పెట్టేవాళ్లు, అది నాని ఉంటే ఖర్చు పెద్దదే. అందుకే పైకెత్తి ఒక రాత్రి అలాగే ఉంచమని యార్డుని అడుగు, ఆ రోజు అద్దె నువ్వు పెట్టుకున్నా నష్టం లేదు.

యూనివర్సల్ అనే కంపెనీ ఇంజన్ అయితే వైర్లు చూడు. ప్యానెల్‌కి వెళ్లే కట్టలో ట్రైలర్ ప్లగ్గుల్లాంటివి ఉంటాయి. ఆల్టర్నేటర్ కరెంటంతా అమ్మీటర్ కోసం వాటి గుండానే తిరిగొస్తుంది కాబట్టి తుప్పు పట్టాక వేడెక్కి కరుగుతాయి. ప్లగ్గులు తీసేసి, ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి నేరుగా లావు తీగ వేసి, అమ్మీటర్ బదులు వోల్ట్‌మీటర్ పెట్టి ఉంటే ఆ యజమాని జాగ్రత్తపరుడని లెక్క.

జే-30 విషయం వేరు. హల్, డెక్ రెండూ ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్కతో కట్టినవి. తేలిగ్గా, గట్టిగా ఉంటాయి, నీళ్లు దూరనంత కాలం. స్టాంచన్లు (అంచు కంచె కడ్డీలు), చైన్‌ప్లేట్లు (షరౌడ్ తీగలు తగిలించే పలకలు), వించ్‌ల (తాళ్లు లాగే గిలకల) చుట్టూ, హల్‌కి రంధ్రం పెట్టిన ప్రతిచోటా ప్లాస్టిక్ సుత్తితో కొట్టు. మంచిచోట టక్‌మని స్పష్టంగా పలుకుతుంది, నానినచోట డబ్‌మని మూగగా. తేమ మీటరు ఎక్కువ చూపించినంత మాత్రాన కొంప మునగదు. లోపలివైపు నుంచి చిన్న డ్రిల్లు వేసి పొట్టు చూడాలి. లేత రంగులో పొడిగా వస్తే బాగున్నట్టు, నల్లగా ముద్దలా వస్తే ఆ భాగం పై పొర కోసి చెక్క మార్చాల్సిందే. అరచేయంత మేర అయితే నువ్వే చేసుకోవచ్చు. వాటర్‌లైన్ కింద చాలామేర పోయి ఉంటే ఉచితంగా ఇచ్చినా వద్దను. ఎవరైనా కొత్త ఫిట్టింగ్ బిగించి ఉంటే, రంధ్రం పెద్దదిగా తొలిచి, ఎపాక్సీ నింపి, మళ్లీ సరైన సైజులో తొలిచారా అని అడుగు. ఆ మాట అర్థం కాని యజమాని డెక్కుని మరింత జాగ్రత్తగా కొట్టి చూడు.

ఏ పడవైనా ఇంజన్ ముందే వేడిచేసి పెట్టొద్దని చెప్పు. వెళ్లగానే చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసుకుని, అప్పుడు స్టార్ట్ చేయించు. ఎగ్జాస్ట్‌లోంచి నీళ్లు పలచగా వస్తుంటే పొగా నీళ్లూ కలిసే వంపు గొట్టంలో, అంటే మిక్సింగ్ ఎల్బోలో, మసి పేరుకుని ఉండొచ్చు. తీగల రిగ్గింగ్ ఎప్పుడు మార్చారో బిల్లు అడుగు. బిల్లు లేకపోతే మార్చలేదనుకుని ఆ వేల డాలర్లు ధరలోంచి తగ్గించు. జే-30తో రేసు తెరచాపలు చాలా వస్తాయంటారు, అరిగిన పాతవి పది ఉన్నా కొత్తది ఒక్కటి ఉన్న లెక్క కాదు.

కాపురం సంగతి పడవ కంటే మెరీనా (పడవలు కట్టే రేవు) మీదే ఎక్కువ ఆధారపడుతుంది. బే ఒడ్డు వ్యవహారాలు చూసే బీసీడీసీ నిబంధన ప్రకారం మెరీనా బెర్తుల్లో (పడవ కట్టుకునే చోట్లలో) 10 శాతానికి మించి కాపురాలకి ఇవ్వకూడదు. వెయిటింగ్ లిస్టులు పొడుగ్గా ఉంటాయి, అద్దె మీద అదనపు రుసుమూ ఉంటుంది. చెప్పకుండా దొంగతనంగా ఉండే ఆలోచన పెట్టుకోకు, పట్టుబడితే పడవతో సహా ఖాళీ చేయిస్తారు. టాయిలెట్ ట్యాంకు ఇద్దరికి త్వరగానే నిండుతుంది, బేలోకి వదలడం నేరం, కాబట్టి ట్యాంకు ఖాళీ చేసే పంపౌట్ ఎంత దూరంలో ఉందో చూసుకో. కౌంటీ ఏటా పడవ మీద ఆస్తిపన్ను వేస్తుంది, అదీ లెక్కలో రాసుకో. శీతాకాలం గోడలకి చెమ్మ పట్టి పరుపు కింద బూజొస్తుంది. పరుపు కింద గాలి ఆడే జాలీ పెట్టి, చిన్న డీహ్యూమిడిఫయర్ నడపండి. ఇడ్లీ పెట్టినప్పుడు పైన హ్యాచ్ తీసి ఉంచండి.

వేసవి మధ్యాహ్నాలు అక్కడ 20, 25 నాట్ల గాలి మామూలే. సీ ట్రయల్ (కొనేముందు నీళ్లలో నడిపి చూడటం) ఉదయం పెట్టుకుంటే ఏ పడవైనా ముద్దొస్తుంది, మధ్యాహ్నం మూడింటికి పెట్టుకో. కాటలినాలో రీఫ్ (తెరచాప కొంత మడిచి చిన్నది చేయడం) తొందరగానే వెయ్యాలి. వెయ్యకపోతే చుక్కాని బరువెక్కి చేతులు లాగేస్తాయి.

ఆఫర్ కాగితంలో సర్వే (నిపుణుడి తనిఖీ), సీ ట్రయల్, ఇన్సూరెన్స్‌తో పాటు కాపురానికి బెర్తు దొరకడం కూడా షరతుగా రాయించు. అది రాయకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. సర్వేయరు బ్రోకరు చూపించినవాడు కాకుండా నువ్వే వెతుక్కో. రిపోర్టు వచ్చాక నాకు పంపు, ఎంత తగ్గించమనాలో చెప్తాను.

ఇట్లు,
మావయ్య