డక్టులు చిన్నవైతే తప్పు ఎవరిది?

ప్రశ్న: మారేడ్‌పల్లిలో మాది పాత ఇల్లు. 3 టన్నుల డక్టబుల్ ఏసీ (సీలింగ్‌లోని డక్టులు, అంటే గాలి గొట్టాల ద్వారా గదులన్నిటికీ గాలి పంపేది) పాడైంది. అమ్మకు చలి పడదని, ఈసారి వేడిగాలి కూడా ఇచ్చే మెషీన్ కావాలన్నాం. డీలర్ మనిషి ఫాల్స్ సీలింగ్‌లోకి టార్చ్ వేసి చూసి, ‘పాత డక్టులే సరిపోతాయి సార్’ అంటూ 5.5 టన్నులది అమ్మాడు. బిల్లు 2.80 లక్షలు. ఇప్పుడు గాలి బయటికొచ్చే గ్రిల్స్ దగ్గర ఒకటే మోత, చివరి గదికి గాలే రాదు, వేడి పెడితే కాసేపటికి ఆగిపోతోంది. అడిగితే ‘మెషీన్ బాగానే ఉంది, మీ డక్టులే చిన్నవి, 90 వేలిస్తే మారుస్తాం’ అంటున్నాడు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. కానీ ‘మెషీన్ చెడ్డది’ అని మాత్రం వేయకండి. కంపెనీ ఇంజినీర్ వచ్చి పరీక్షించి అంతా సరిగ్గానే ఉందని రాసిస్తే మీ కేసు అక్కడే కూలుతుంది. మీ ఫిర్యాదు మెషీన్ మీద కాదు, ఆ టార్చ్ వేసి చూసి చెప్పిన మాట మీద. మామూలు లెక్కలో టన్నుకు నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి కావాలి. అంటే 3 టన్నులకు 1200, 5.5కి 2200. అంత గాలి పాత డక్టుల్లో పడుతుందో లేదో చూసుకోవాల్సింది అమ్మేవాడే, మీరు కాదు.

వస్తువుల అమ్మకం చట్టం, 1930లో సెక్షన్ 16 ఉంది. ఫలానా పనికి కావాలని చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి కొంటే, ఆ వస్తువు ఆ పనికి తగినదై ఉండాలి. ఇందులో ఒక మెలిక ఉంది. ‘ఫలానా బ్రాండ్, ఫలానా మోడలే కావాలి’ అని మీరే పట్టుబట్టి కొంటే ఈ రక్షణ నిలవకపోవచ్చు. అందుకే కొనేముందు జరిగిన వాట్సాప్ మాటలు, కొటేషన్ ఒకసారి తిరగేయండి. మోడల్ ఎవరు సూచించారో వాటిలోనే తేలుతుంది.

‘డక్టులే చిన్నవి’ అన్నది ఫోన్లో అన్నాడా? అయితే ‘మీరు నిన్న ఇలా అన్నారు కదా’ అని మెసేజ్ పెట్టి జవాబు రాబట్టండి. మీ తరఫున ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. ఈ గొడవతో సంబంధం లేని టెక్నీషియన్‌తో ప్రతి గ్రిల్ దగ్గరా గాలి కొలిపించి, డక్టు సైజులతో సహా రాయించుకుని సంతకం తీసుకోండి. ఉక్కపోతకు ఆగలేక డక్టులు పీకించేశారో, చూపించడానికి ఏమీ మిగలదు. నాకు ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే.

ముందు స్పీడ్ పోస్టులో డీలర్‌కు నోటీసు పంపండి. 15 రోజుల్లో దారికి రాకపోతే హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. కొన్న ధర 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయర్ కూడా తప్పనిసరి కాదు (లాయర్‌నైన నేనే చెప్తున్నాను!). డీలరే సొంత ఖర్చుతో డక్టులు మార్చాలని, కుదరకపోతే డబ్బు వాపసు ఇవ్వాలని, దాంతోపాటు పరిహారం, ఖర్చులు అడగండి. 2 ఏళ్ల గడువు ఉంది. పరీక్షలు అవసరమైన కేసును 5 నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది గానీ అంతకంటే ఎక్కువే పడుతుందనుకోండి. ఈ చలికాలానికి అమ్మగారి గదిలో విడిగా చిన్న హీటర్ పెట్టించండి, ఆ బిల్లు కూడా దాచండి.