పురపాలక సంఘం, పాలకవర్గం ఒకటేనా?

సందేహం: మాది ముమ్మిడివరం. మా ఊరు నగర పంచాయతీ అయి చాలా ఏళ్లయింది. అయినా మా తాతగారు ఇప్పటికీ "ప్రెసిడెంటు గారు" అంటారు. మా బాబాయి "చైర్మన్ గారు" అంటాడు. పత్రికల్లో పురపాలక సంఘం, పురపాలిక, పాలకవర్గం, కౌన్సిల్ అని రకరకాలుగా కనిపిస్తున్నాయి. ఇవన్నీ ఒకటేనా? ఆ పదవిలో మహిళ ఉంటే ఏమని రాయాలి? (ఒక పాఠకురాలు, కోనసీమ)

సమాధానం: అన్నీ ఒకటి కావమ్మా. ఇందులో రెండు వేరు సంగతులు కలిసిపోయాయి. వాటిని విడదీస్తే మిగతాది తేలిక.

పురపాలక సంఘం అంటే మున్సిపాలిటీ మొత్తం. ఆఫీసు, కమిషనరు, కుళాయిలు వదిలే ఉద్యోగి, ఇంటిపన్ను రికార్డులు, చెత్తబళ్లు అన్నీ అందులోవే. పాలకవర్గం అంటే వార్డుల నుంచి జనం ఓటేసి పంపిన కౌన్సిలర్ల సభ. దాన్నే కౌన్సిల్ అంటున్నాం. దానికి అయిదేళ్ల గడువుంది. గడువు తీరినా మున్సిపాలిటీ ఎక్కడికీ పోదు.

రుజువు మన డెల్టాలోనే ఉంది. 2021 మార్చిలో అమలాపురం, మండపేట, రామచంద్రపురం, నరసాపురం వంటి చోట్ల ఎన్నికలు జరిగి కౌన్సిళ్లు ఏర్పడ్డాయి. మీ ముమ్మిడివరంలోనూ అప్పుడే జరిగాయి. భీమవరం, తణుకు, పాలకొల్లు, తాడేపల్లిగూడెంలో ఆ విడత జరగలేదు. అక్కడ ప్రత్యేకాధికారి, అంటే ఎన్నికైన కౌన్సిల్ లేనప్పుడు ప్రభుత్వం నియమించే అధికారి, పాలనే సాగింది. పాలకవర్గం లేకపోయినా పురపాలక సంఘం ఉంది, పన్నులు కట్టించుకుంది, వీధిదీపాలు వెలిగించింది. రెండూ ఒకటే అయితే "పాలకవర్గం లేని పురపాలక సంఘం" అనే మాటకు అర్థమే ఉండదు కదా!

చిక్కు ఎక్కడ పుట్టిందో మాటను విప్పితే తెలుస్తుంది. పురాన్ని పాలించేవారి సంఘం పురపాలక సంఘం. వ్యుత్పత్తిని బట్టి అది మనుషుల సమూహమే, అంటే కౌన్సిలే. వాడుకలో ఆ పేరు సంస్థ మొత్తానికీ పరుచుకుంది. అప్పుడు ఎన్నికైన మనుషులకు వేరే మాట కావలసి వచ్చి పాలకవర్గం స్థిరపడింది. రాజ్యాంగంలోనూ ఒక మెలిక ఉంది. 1992 నాటి 74వ సవరణ పల్లె నుంచి పట్టణంగా మారుతున్న ప్రాంతానికి నగర పంచాయతీ, చిన్న పట్టణానికి మున్సిపల్ కౌన్సిల్, పెద్ద నగరానికి మున్సిపల్ కార్పొరేషన్ అని పేర్లు పెట్టింది. అంటే అక్కడ సంస్థ పేరులోనే కౌన్సిల్ ఉంది. మన రాష్ట్రపు 1965 నాటి పురపాలక చట్టం మాత్రం కౌన్సిల్‌ను, చైర్‌పర్సన్‌ను, కమిషనర్‌ను విడివిడిగా చెప్పింది. రాసేటప్పుడు ఈ పద్ధతే మనకు మేలు.

నోటిమాటలో జనం ఈ తేడా ఎప్పుడో పట్టుకున్నారు. నీళ్లు రాకపోతే "మున్సిపాలిటీ వాళ్లు కుళాయి వదల్లేదు" అంటారు. రోడ్డు పడకపోతే "కౌన్సిల్లో పెట్టలేదంట" అంటారు. అంత స్పష్టంగా ఉన్నదాన్ని రాతలో చెరిపేస్తున్నామని నాకు బాధ. "పురపాలక సంఘం నిర్లక్ష్యం" అని హెడ్డింగు పెడితే, తీర్మానం చేయనిది కౌన్సిలా, చేసిన తీర్మానాన్ని అమలు చేయనిది ఆఫీసా? చదివేవారికి తెలియదు. బడ్జెట్ ఆమోదించేది, తీర్మానాలు చేసేది కౌన్సిల్. అమలు చూసే కమిషనర్ ప్రభుత్వం నియమించిన అధికారి. ఎవరిని అడగాలో తెలియాలంటే మాట సరిగ్గా ఉండాలి.

పురపాలిక అన్నది హెడ్డింగుల్లో చోటు కలిసొస్తుందని వాడే మాట. పాలక శబ్దానికి పాలిక స్త్రీలింగ రూపం, హిందీలోనూ నగరపాలిక ఉంది. వ్యాకరణ దోషమేమీ లేదు. నేనైతే మున్సిపాలిటీ అనే రాస్తాను, అది అందరికీ తెలిసిన మాట.

ఇక మీ తాతగారి మాట. పల్లెలో పంచాయతీ పెద్దను ప్రెసిడెంటు గారు అనడం మన గోదావరి ఊళ్లలో పాత అలవాటు. సర్పంచ్ అనే మాట ఎంత వచ్చినా అది పోలేదు. నగర పంచాయతీ పేరులో పంచాయతీ ఉంది కాబట్టి పెద్దాయనకు అదే నోటికొస్తోంది. పిలుపుగా అది ముచ్చటగానే ఉంటుంది, అర్జీలో మాత్రం రాయకండి. సర్పంచ్‌ను ఊరి ఓటర్లందరూ నేరుగా ఎన్నుకుంటారు. నగర పంచాయతీకైనా మున్సిపాలిటీకైనా చైర్‌పర్సన్‌ను ఎన్నుకునేది వార్డుల నుంచి గెలిచినవారు. పదవిరీత్యా సభ్యులైన ఎమ్మెల్యే, ఎంపీలకూ అందులో ఓటుంటుంది. కో-ఆప్షన్ సభ్యులు, అంటే జనం ఓటుతో కాకుండా కౌన్సిలే ఎంచుకుని చేర్చుకున్నవారు, సభలో కూర్చుంటారు, మాట్లాడతారు, ఓటు మాత్రం ఉండదు. వారిని కౌన్సిలర్ అని రాయడం పొరపాటు.

మహిళ అయితే చైర్‌పర్సన్ అనొచ్చు, చట్టంలో ఉన్న మాట అదే. తెలుగులో కావాలంటే అధ్యక్షురాలు. చివర "లు" చూసి బహువచనం అనుకుని కొందరు వెనకాడుతున్నారు. కోడలు, మనుమరాలు ఎలాగో అధ్యక్షురాలు అలాగే, ఒక్కరే. ఎక్కువమంది అయితే కోడళ్లు, మనుమరాళ్లు, అధ్యక్షురాళ్లు. సభ్యురాలు, సభ్యురాళ్లు కూడా ఇంతే. "మహిళా చైర్మన్" అని మాత్రం రాయకండి, "మన్" అంటేనే మగవాడు. వార్డుల్లో కనీసం మూడో వంతు మహిళలకు ఉండాలని రాజ్యాంగమే చెప్పింది కాబట్టి ఈ మాటలతో మనకు రోజూ పనే.

మీరు అడగకపోయినా ఇంకొకటి. "పాలకవర్గం తీర్మానించారు" అని తరచూ కనిపిస్తోంది. వర్గం, సంఘం, కౌన్సిల్ ఏకవచనాలు కాబట్టి "తీర్మానించింది" అనాలి. "తీర్మానించారు" అనాలంటే కర్తగా కౌన్సిలర్లు ఉండాలి.