కాగితాలు అతికించినా ముఖం పోకూడదంటే

ప్రశ్న: పెన్సిల్‌తో వేస్తే పోలిక బాగానే వస్తుంది. అదే ముఖం మీద కాగితాలు అతికించి రంగులు వేసేసరికి ఎవరో వేరే మనిషిలా తయారవుతోంది. పైగా న్యూస్‌పేపర్ ముక్కలు తొందరగా పచ్చబడుతున్నాయి. ఇలా కాగితం, రంగులు కలిపి చేసే మిక్స్‌డ్ మీడియాలో పోలిక నిలబెట్టడం ఎలా? – ఒక పాఠకురాలు

జవాబు: పెన్సిల్‌తో పోలిక వస్తోందంటే మీ కంటికి కొలతలు తెలుసు, ఆ టెన్షన్ వద్దు. కాగితం ఎంచుకునేటప్పుడు దాని అందం కాదు, అది ముదురా లేతా అన్నది చూడండి. మనిషిని గుర్తుపట్టించేది ఎక్కువగా నీడల ఆకారమే. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి, కనుబొమ కింద, ముక్కు పక్కన, కింది పెదవి కింద ముదురు ముద్దలు మిగులుతాయి. నేను ముందు చార్‌కోల్‌తో అవే పెట్టి, బొగ్గును కదలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే చేస్తాను. లేదంటే తడి తగలగానే బొగ్గు రేగి రంగంతా మురికవుతుంది. కాగితం ఆ తర్వాతే. చిన్న అక్షరాలు దగ్గరదగ్గరగా ఉన్న పేజీ దూరానికి బూడిద రంగులా కనిపిస్తుంది, సగం నీడకు బాగా సరిపోతుంది. పెద్ద హెడ్డింగు ముక్కను చెంప మీద పెడితే చూపు అక్కడే ఆగిపోతుంది.

ఈమధ్య ఒక టైలర్ బొమ్మ వేశాను. బట్ట కత్తిరించడానికి ఆయన వాడే పాత కాగితాలు అడిగి తెచ్చుకున్నాను. వాటి మీద పెన్సిల్ గీతలు, గుండుసూది బెజ్జాలు అలాగే ఉన్నాయి. చొక్కా, మెడ అంతా అవే. ముఖంలో మాత్రం చెంప మీద ఒక్క పల్చటి టిష్యూ. తడిగా ఉండగానే ముడతలు చెంప ఎముక నుంచి నోటి మూల వైపు దిగేలా వేళ్లతో లాగాను. ఆరాక ఎర్రమట్టి రంగు పల్చగా పూసి వెంటనే గుడ్డతో తుడిచేస్తే, రంగు ముడతల్లోనే నిలిచింది. ఆయన వయసు అక్కడ కనిపించింది. ముడతలు అడ్డంగా పడి ఉంటే ముఖం విరిగినట్టుండేది.

కళ్లు, నోరు మాత్రం కుంచెతోనే వేస్తాను. అక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా భావం మారిపోతుంది, చింపిన అంచు అంత మాట వినదు. అమెరికన్ చిత్రకారుడు రొమేర్ బేర్డెన్ 1960లలో మ్యాగజైన్ ఫొటో ముక్కలతోనే కళ్లూ నోళ్లూ కట్టి గొప్ప ముఖాలు చేశాడు. అయితే అవి ఫలానా మనిషి పోలిక కోసం చేసినవి కావు. మీకు కావలసింది పోలిక.

పచ్చబడటానికి కారణం న్యూస్‌ప్రింట్‌లో ఉండే, కలప నుంచి వచ్చే లిగ్నిన్ అనే పదార్థం. పైన మీడియం, అంటే జిగురులా పనిచేసే యాక్రిలిక్ పూత, పూసినా అది ఆగదు. ఆ పేజీని యాసిడ్ లేని కాగితం మీద లేజర్ ప్రింట్ తీసి వాడండి. ఇంక్‌జెట్ ప్రింట్లు చాలావరకు తడికి కారిపోతాయి. అతికించడానికి మెరుపు లేని మ్యాట్ మీడియం, కింద ఒక పూత, పైన ఒక పూత. ఆయిల్ రంగులు వాడాలనుంటే చివర్లోనే. యాక్రిలిక్ మీద ఆయిల్ నిలుస్తుంది, ఆయిల్ మీద యాక్రిలిక్ పట్టదు.

ప్రశ్న: ఫొటో చూసి వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. రెండు మీటర్ల దూరం నుంచి, వెలుతురు ఒక పక్క నుంచే పడేలా తీయండి. వీలైతే ఆ మనిషిని కాసేపు కూర్చోబెట్టి, మాట్లాడిస్తూ చిన్న స్కెచ్‌లు వేసుకోండి. వినేటప్పుడు తల ఎటు వంచుతారో ఫొటోలో దొరకదు.