రెండున్నరేళ్లవాణ్ణి ఎక్కడ వేయాలి?

అమ్మలూ,

డే కేరా, ప్లే స్కూలా అని నిన్న ఫోన్లో అడిగావు. గొంతు విన్నప్పట్నుంచి నాకూ అదే ఆలోచన. 26 ఏళ్లు అంగన్‌వాడీలో చంటిపిల్లల మధ్యే బతికినదాన్ని, తేల్చి చెప్తున్నా: ఇప్పటికి డే కేరే.

నీ ఆఫీసు సాయంత్రం ఆరింటిదాకా. ప్లే స్కూలేమో పన్నెండున్నరకే వదిలేస్తుంది. ఆ తర్వాత వ్యానెక్కించి ఇంకోచోట దింపుతారు. మాటలు సరిగ్గా రాని పిల్లాడు రోజూ అన్ని చేతులు మారితే బెంగ పెట్టుకుంటాడమ్మా. మూడు నిండాక పొద్దున పూట బడికి పంపు.

చదువులో వెనకబడతాడని భయపడకు. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. ఆరేళ్లలోపు వాళ్లకి పాఠ్యపుస్తకాలే వద్దని 2022లో వచ్చిన పాఠ్యప్రణాళికలో ఉంది. రెండున్నరకే పలక మీద అక్షరాలు దిద్దిస్తామనే చోట ఫీజు కట్టొద్దు.

మీ అక్క కూతుర్ని రెండేళ్లకే పేరున్న ప్లే స్కూల్లో వేశాం. గోడల నిండా బొమ్మలు, ఇంగ్లీషు పాటలు. పది రోజులపాటు పప్పన్నం డబ్బా పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. తినడం లేదని పిల్లనే కోప్పడ్డాం. ఒకరోజు నేనే డబ్బా ఇచ్చి తియ్యమంటే, చిట్టి వేళ్లతో మూత పట్టుకుని లాగి లాగి నా వైపు చూసింది. రాలేదు. అక్కడ మూత తీసి పెట్టేవాళ్లు ఒక్కరూ లేరు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

అందుకే డే కేర్‌కి పొద్దున కాదు, మధ్యాహ్నం పన్నెండింటికి చెప్పకుండా వెళ్లు. అన్నం ఎవరు తినిపిస్తున్నారు, దొడ్డికెళ్తే ఎవరు కడుగుతున్నారు, పడుకోబెట్టే గదిలో గాలి ఆడుతోందా, టీవీ ముందు కూర్చోబెట్టేస్తున్నారా, చూడు. మేడమ్‌తో కంటే ఆయాతో ఎక్కువసేపు మాట్లాడు. ఎన్నేళ్ల నుంచి చేస్తోందో అడుగు. నెలకో ఆయా మారే చోటు వద్దు. ఈ వయసు పిల్లలు ఒక్క మనిషికి నలుగురైదుగురు మించితే చూసుకోలేదు, అది నేను చేసి చెప్తున్నమాట. కెమెరాలున్నాయంటారు, ఉండనీ. కెమెరా ముక్కు తుడవదు కదా.

ఇంకోటి. 50 మంది, అంతకుమించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే ఏర్పాటు ఉండాలని 2017లో ప్రసూతి చట్టాన్ని మార్చారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు కూడా. మీ హెచ్చార్‌ వాళ్లని మొహమాటం లేకుండా అడుగు.

మొదటి వారం పూర్తిగా వదిలేయకు. తొలిరోజు గంటసేపు నువ్వూ కూర్చో, తర్వాత కొంచెం కొంచెం పెంచు. వాడు ఆటలో ఉండగా కళ్లుగప్పి మాత్రం వెళ్లిపోకు. ఏడ్చినా సరే, టాటా చెప్పే వెళ్లు. పడుకునేటప్పుడు పట్టుకోవడానికి నీ పాత నూలు చీర ముక్క ఒకటి సంచిలో పెట్టు.

ఆదివారం బండికి వస్తున్నా, ఆ వారమంతా మీ దగ్గరే ఉంటా. టిఫిన్ డబ్బా కొనకు. మూత తేలిగ్గా వచ్చే చిన్న స్టీలు డబ్బా నేను తెస్తున్నా.

మీ పెద్దమ్మ