నువ్వేమైతవ్ ఆయనకు?

తమ్ముడూ,

నీ నవల రాతప్రతి అందింది. మూడు వందల పేజీలు, రెండు రాత్రులు పట్టింది. పదకొండో అధ్యాయం దగ్గర కళ్లజోడు తీసి కాసేపు ఊరికే కూర్చున్నాను. గాంధీ ఆసుపత్రి మార్చురీ బయట కానిస్టేబుల్ "నువ్వేమైతవ్ ఆయనకు?" అని అడుగుతాడు. చనిపోయినాయనతో తొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో కాపురమున్న మగమనిషి "రూమ్మేట్‌ని సార్" అంటాడు. బాగుంది. తీరా పేజీ తిప్పితే నీ గే లాయర్ వచ్చి వివక్ష గురించి ఉపన్యాసం అందుకున్నాడు. ఒళ్లు మండింది.

అది చాలక నాంపల్లి సెషన్స్ కోర్టులో ఇంకో ఐదు పేజీల ఉపన్యాసం. జడ్జిగారు సుత్తి కొట్టి "ఆర్డర్, ఆర్డర్" అంటారు. రాజమండ్రిలో పదకొండేళ్లు వకీలు గుమాస్తాగా చేశాను. సుత్తిని సినిమాల్లోనే చూశాను. 2025లో జరిగిన హత్యకి పాత ఐపీసీ సెక్షన్ 302 పెట్టించావు. 2024 జులై 1 నుంచి జరిగే హత్యలకు భారతీయ న్యాయ సంహిత, సెక్షన్ 103. 302 మీద అంత మోజుంటే హత్యని 2024 జూన్‌కి మార్చుకో. ఇన్‌స్పెక్టరేమో స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన పాత సెక్షన్ 377 పెడతానని బెదిరిస్తాడు. ఇష్టపడి కలిసుండే పెద్దవాళ్లకి అది వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది. కొత్త సంహితలో ఆ సెక్షనే లేదు. అసలు ఆ ఇన్‌స్పెక్టర్‌కి సెక్షన్ ఎందుకయ్యా? "మీ నాన్నకి ఫోన్ కలపనా?" అంటే చాలదూ?

ద్వేషం ఎంత చెడ్డదో పాత్రల చేత చెప్పించకు. దానివల్ల కేసులో ఏ సాక్ష్యం పోయిందో చూపించు. ఈ మాట నలభై ఏళ్లుగా అందరికీ చెప్తున్నాను, ఎవరూ వినరు.

1983లో మా సీనియర్ దగ్గరికి ఒక లాడ్జి హత్య కేసు వచ్చింది. మేం ముద్దాయి తరఫు. పక్క గదిలో ఉన్న ఒకాయన అంతా చూశాడు. ఆ గదిలో ఆయనతో ఇంకో మగాయన ఉన్నాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ సాక్షిని అడగాల్సిన ప్రశ్నలు టైపు చేసింది నేనే. మొదటిది: "రాత్రి రెండింటికి ఆ గదిలో నీకేం పని?" ఆ ప్రశ్న అడిగే అవసరం కూడా రాలేదు. అది వస్తుందని ఆయనకి ఎలా తెలిసిందో గానీ, బోనెక్కి "నిద్రపోయాను, ఏమీ చూడలేదు" అన్నాడు. సాక్షి అడ్డం తిరిగాడని రాసుకున్నారు. మా క్లయింటు విడుదలయ్యాడు. సీనియర్ వంద రూపాయలిచ్చాడు, తీసుకున్నాను.

తర్వాత దాన్నే కథగా రాసి ఒక వారపత్రికకి పంపాను. అచ్చయ్యాక చూస్తే ఆ గదిలో రెండో మనిషి సాక్షికి మేనత్త కొడుకైపోయాడు! మేనత్త కొడుకుతో ఉంటే భయమెందుకు? కథే చచ్చిపోయింది. కుటుంబాలు చదివే పత్రిక అన్నాడు సంపాదకుడు. ముఖచిత్రం మీద తడిసిన చీరలకి మాత్రం కుటుంబాలు అడ్డు రాలేదు. ఇప్పటివాళ్లకి అలాంటి భయాలు లేవు గానీ చివర్లో ట్విస్టు లేకపోతే ప్రాణం పోతుంది. అందుకేనేమో నీ హంతకుడు కూడా దాచుకున్న గే అని తేల్చావు. తీసెయ్. చంపినవాడు బావమరిదో, ఇంటి ఓనరో అవనీ.

అసలు కథ నీ చేతిలోనే ఉంది, నువ్వు చూడలేదు. హత్య కేసు నడిపేది పబ్లిక్ ప్రాసిక్యూటర్. నీ లాయర్ తనంతట తాను లేచి వాదించలేడు. "బాధితుడి" తరఫు వకీలుగా కోర్టు అనుమతిస్తే పీపీకి సహాయపడొచ్చు. బాధితుడంటే నేరం వల్ల నష్టపోయినవాడు, అతని సంరక్షకుడు, చట్టబద్ధమైన వారసుడు. ఈ రూమ్మేట్ వీటిలో ఎవరు? స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఇవ్వలేమని సుప్రీంకోర్టు చెప్పిన 2023 అక్టోబరు 17 తీర్పు తర్వాత భర్త అనడానికి లేదు. వారసులు అన్నదమ్ములు, వాళ్లలోనే ఒకడి మీద అనుమానం. ఇతన్ని "నష్టపోయినవాడు" అనిపించడానికి నీ లాయర్ పిటిషన్ వెయ్యాలి. అందులో "రూమ్మేట్" అన్న మాట కొట్టేసి ఇంకేదో రాయాలి. ఏం రాస్తాడు? రాస్తే బార్ అసోసియేషన్‌లో తన గుట్టు కూడా బయటపడుతుందా? గే అని బాహాటంగా చెప్పుకున్న లాయర్ సౌరభ్ కిర్పాల్‌ని ఢిల్లీ హైకోర్టు జడ్జిగా కొలీజియం (జడ్జీల పేర్లు సూచించే సుప్రీంకోర్టు జడ్జీల బృందం) 2021లో సిఫారసు చేసింది, 2023 జనవరిలో మళ్లీ చేసింది. ఆయన తన సంగతి దాచుకోకపోవడం కూడా అభ్యంతరాల్లో ఒకటని ఆ తీర్మానంలోనే ఉంది. నీ లాయర్ అది చదివే ఉంటాడు గదా.

పబ్లిషర్ ఎవరు, కలం పేరు పెట్టుకోనా అని అడిగావు. తర్వాత చూద్దాం. ముందు పదకొండో అధ్యాయం తిరగరాసి పంపు. పోస్టుమార్టం అయ్యాక శవాన్ని అప్పగించేటప్పుడు కాగితం మీద ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. ఎవరు పెట్టారు? అప్పుడు రూమ్మేట్ ఎక్కడ నిలబడ్డాడు? నీ రాతప్రతిలో అది లేదు.

ఇట్లు,
మీ అన్నయ్య